తలలో పిడుగు పడినప్పుడు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట జబ్బుల మాట ఎందుకని మీరనుకోవచ్చును. ఉగాదినాడు చేదును కూడ రుచి చూడడం మన ఆచారమే గదా!

కొందరికి మెదడులోని రక్తనాళం ఒకచోట పలుచబడి, సైకిలు ట్యూబువలె బుడగగా ఉబ్బుతుంది. వైద్యులు దీనిని ఎన్యూరిజం అంటారు. అది చిట్లితే, ఎన్నడూ ఎరుగని తలనొప్పి పిడుగుపాటుగా వస్తుంది. వాంతులవుతాయి, మెడ బిగుసుకుంటుంది, కొందరికి స్మృతి తప్పుతుంది. మనవారు పైత్యమనో, గాలి సోకిందనో శొంఠి పట్టు వేసి తెల్లవారేదాకా చూస్తారు. ఆ రాత్రే గండం. చిట్లిన బుడగ మళ్ళీ చిట్లే భయం మొదటి 24 గంటలలోనే ఎక్కువ.

1937లో అమెరికాలో డాక్టర్ వాల్టర్ డాండీ ఇట్టి బుడగ మెడకు క్లిప్పు బిగించి దారి చూపినారు. 1968లో హంట్, హెస్ అను వైద్యులు రోగుల స్థితిని ఐదు తరగతులుగా విభజించినారు. చివరి రెండు తరగతులవారు, అనగా స్పృహ కోల్పోయినవారు, తేరుకున్న పిదపనే ఆపరేషను చేయడం ఆనాటి పద్ధతి. ఆ నిరీక్షణలోనే పలువురు రెండవ రక్తస్రావానికి బలియైనారు.

నేడు ఆ దృష్టి మారినది. ముందు శ్వాసను కుదుటపరచి, మెదడులో నిలిచిన నీటిని గొట్టంతో తీసి, వీలైతే 24 గంటలలోపలే బుడగను మూసివేస్తారు. తొడలోని నాళం గుండా సన్నని తీగచుట్టలు పంపి బుడగను నింపే పద్ధతి కూడ 1990 తరువాత వాడుకలోనికి వచ్చినది.

నిజం దాచరాదు. ఇంత విషమస్థితిలో వచ్చినవారిలో చాలమంది దక్కరు. దక్కినవారిలో కొందరికి అవిటితనం మిగులుతుంది. కాని కొందరు తిరిగి తమ పనులు తాము చేసుకుంటున్నారు. ఆ కొందరెవరో మొదటి గంటలో చెప్పడం ఎవరి తరమూ కాదు. కనుక "ఇక లాభం లేదు" అని ఇంటికి మళ్ళించేముందు మెదడు శస్త్రవైద్యుని మాట వినండి. ఆపరేషను తగదని ఆయనే చెబితే, అదీ విని నిర్ణయించుకోండి.

చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి వీథులలో తెలుగు వినిపిస్తుంది గనుక మనకివి పరాయి ఊళ్ళని తోచదు. అయినా అర్ధరాత్రి ఆపద వస్తే అన్నదమ్ములు దూరాన ఉంటారు. అప్పుడు పొరుగువారే బంధువులు. 108కి ఫోను చేయండి. రోగిని ప్రక్కకు ఒత్తిగిల్లజేసి పడుకోబెట్టండి. నోట నీరు పోయకండి. ఆస్పిరిన్ బిళ్ళ ఇవ్వకండి. నొప్పి మొదలైన వేళ వ్రాసి ఉంచండి. 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ ఉన్న బెంగుళూరు మనకు రమారమి రెండు గంటల ప్రయాణమే.

ఈ కొత్త సంవత్సరం మీ ఇండ్లలో ఎవరికీ ఈ మాటలతో పనిపడకుండుగాక! పనిపడితే మాత్రం ఆశ వదలకండి, ఆలస్యం చేయకండి.