దొంగముద్ర – బ్రౌజరు హెచ్చరిక

పూర్వము తూర్పు చాళుక్య రాజులు దానశాసనములను రాగిరేకులపై చెక్కించి, ఆ రేకులను ఒక వలయమున గ్రుచ్చి, దానిపై వరాహలాంఛనము గల రాజముద్ర వేయించెడివారు. ముద్రను చూచియే జనులు శాసనమును నమ్మెడివారు. అయితే ముద్ర యున్నచోట దొంగముద్రయు పుట్టును. అట్టి దొంగశాసనమునకు మన పూర్వులు కూటశాసనమని పేరు పెట్టిరి. నేడు కంప్యూటరుపైనను, ఫోనుపైనను మనము నడుపు వ్యవహారము చాలవరకు ఇట్టి ముద్రలపైననే నిలిచియున్నది. ఆ ముద్రకే సర్టిఫికెట్టు అని పేరు.

మనము బ్యాంకు వెబ్‌సైటును తెరవగానే, అచటి కంప్యూటరు తన సర్టిఫికెట్టును మన బ్రౌజరునకు చూపును. వెబ్‌సైటు పేరు, చెల్లుబాటు గడువు, సంభాషణను రహస్యముగా నుంచుటకు వలసిన పబ్లిక్ కీ, జారీచేసిన సంస్థ సంతకము అందుండును. నమ్మదగిన సంస్థల పట్టిక బ్రౌజరునకు ముందే తెలియును. అన్నియు సరిపోయినచో అది మారుమాటాడక తలుపు తీయును. ఏ యొక్కటి సరిపోకున్నను, ఈ సంబంధము సురక్షితము కాదని మనల నాపును.

ఆపినంతమాత్రమున అవతల దొంగ యున్నాడని కాదు. మన కంప్యూటరు గడియారము పాత తేదీని చూపుచుండవచ్చును. అప్పుడు మంచి సర్టిఫికెట్టు కూడ చెల్లనిదిగా తోచును. వెబ్‌సైటువారు గడువు తీరినను క్రొత్తది పొందకుండవచ్చును. పేరు వేరుగా నుండవచ్చును. సంతకము పట్టికలో లేనివారిది కావచ్చును. ఈ చివరి రెండును మిక్కిలి జాగ్రత్తగా చూడవలసినవి.

2011లో జరిగిన యొక సంగతి వినుడు. నెదర్లాండ్స్ దేశమున డిజినోటార్ అను సంస్థ సర్టిఫికెట్లు జారీచేయుచుండెను. ఆ యేడు వేసవిలో ఎవరో దాని కంప్యూటర్లలో చొరబడి, 500కు పైగా దొంగ సర్టిఫికెట్లు పుట్టించిరి. వానిలో గూగుల్ పేరిటి దొకటి ఇరాన్‌లో ప్రయోగింపబడెను. సంతకము అసలుదే గనుక పెక్కు బ్రౌజర్లు నోరెత్తలేదు. జనులు వ్రాసికొను ఉత్తరములు మధ్యనున్నవాని కంట పడుటకు దారి యేర్పడెను. క్రోమ్ బ్రౌజరునకు మాత్రము గూగుల్ అసలు సర్టిఫికెట్ల జాడ ముందే తెలియును, అది హెచ్చరించెను. ఆగస్టు చివర ఇరాన్‌లోని యొక వినియోగదారుడు ఆ హెచ్చరికను త్రోసివేయక, ఇదేమని బహిరంగముగా ప్రశ్నించెను. కూటముద్ర అట్లు బయటపడెను. అప్పటికే దాని నెదుర్కొన్న ఇంటర్నెట్ చిరునామాలు సుమారు 3 లక్షలని విచారణలో తేలినది. బ్రౌజర్లవారు డిజినోటార్ పేరును పట్టికనుండి తొలగించిరి. సెప్టెంబరులో ఆ సంస్థ దివాలా తీసినది.

మన దేశమునను 2014 జులైలో, నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ పేరున గూగుల్ వెబ్‌సైట్లకు అనుమతిలేని సర్టిఫికెట్లు జారీ యైనట్లు తెలియగా, వానిని రద్దుచేసిరి. ఇట్టి అనుభవముల ఫలితముగా, జారీయైన సర్టిఫికెట్లను ఎవరైనను చూడదగిన బహిరంగ చిట్టాలలో వ్రాయు పద్ధతి వచ్చినది. 2018 నుండి క్రోమ్ క్రొత్త సర్టిఫికెట్లకు దీనిని తప్పనిసరి చేసినది.

ఇక మనము చేయవలసిన దేమి? హెచ్చరిక కనబడినపుడు మొదట తేదీని, గడియారమును సరిచూడవలెను. పిదప చిరునామాలోని అక్షరములను ఒక్కొక్కటిగా చదువవలెను. రైల్వేస్టేషనులోనో హోటలులోనో ఉచిత వైఫై వాడుచున్నచో, దానిని విడిచి సొంత ఫోను డేటాతో మరల ప్రయత్నింపవలెను. అప్పటికిని హెచ్చరిక పోకున్నచో రహస్యపదము గాని, ఓటీపీ గాని, కార్డు సంఖ్య గాని వ్రాయరాదు. "అయినను ముందుకు పోవుదును" అను మీట బ్యాంకు పనికి తగినది కాదు.

మరొక మాట. హెచ్చరిక లేనంతమాత్రమున వర్తకుడు సత్యసంధుడని యెంచరాదు. సర్టిఫికెట్టు చెప్పునది పేరును గూర్చియే గాని గుణమును గూర్చి కాదు. మోసగాడును తన వెబ్‌సైటు పేరిట సర్టిఫికెట్టు పొందగలడు. తాళపు గుర్తును చూచి జనులు భ్రమపడుచున్నారనియే 2023లో క్రోమ్ ఆ గుర్తును తొలగించినది. ముద్రను చూచుట బ్రౌజరు పని. మనిషిని గుర్తెరుగుట మన పని.