పిల్లల మూత్రపిండములు: పెద్దల బాధ్యత



కోనసీమలో, ముఖ్యముగా అంబాజీపేట పరిసరములందు, పసివానికి మూత్రము మండినను, ముఖము ఉబ్బినను పెద్దలకు మొదట జ్ఞప్తికి వచ్చు ఔషధము కొబ్బరి బొండము. చెట్టు దొడ్డిలోనే యున్నది. నీరు తియ్యగా నుండును. చలువ చేయునని తాతలనాటి నమ్మకము. ఆరోగ్యవంతుడైన బిడ్డకు దానివలన హాని లేదు. కాని మూత్రపిండములు పనిచేయుట తగ్గిన బిడ్డకు ఆ నీరే ప్రాణాపాయము తేగలదు. అది యెట్లో, ఆ వ్యాధులను ముందుగా గుర్తించి నివారించుట యెట్లో యీ ప్రసంగమున మనవి చేసెదను.

మూత్రపిండములు రెండు. నడుమునకు పైభాగమున, వెన్నెముకకు ఇరుప్రక్కల, చిక్కుడు గింజ ఆకారమున నుండును. ఒక్కొక్కదానియందు కంటికి కానరాని జల్లెడలు సుమారు 10 లక్షలు గలవు. పెద్దవారి శరీరమున దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవమును ఇవి రక్తమునుండి వడియగట్టి, కావలసినదానిని తిరిగి రక్తములో చేర్చి, ఇంచుమించు ఒకటిన్నర లీటరు మాత్రమే మూత్రముగా వెలికి పంపును. రక్తపోటును అదుపులో నుంచుట, ఎముకలకు బలము చేకూర్చుట, రక్తవృద్ధికి తోడ్పడుట కూడ వీని పనులే. కావున ఇవి చెడిన బిడ్డకు ఎదుగుదలయే కుంటుపడును.

మొదటి గుర్తు వాపు. ఇది విశేషముగా 2 మొదలు 6 ఏండ్ల పిల్లలలో కనబడును. తెల్లవారి లేచునప్పటికి కనురెప్పలు ఉబ్బియుండును. సాయంకాలమునకు పాదములు వాచును. కొన్ని దినములకు పొట్ట పెరుగును. మూత్రము నురుగు కట్టును. బిడ్డ ఒళ్లు చేసినాడని సంతోషించువారు కొందరు. దిష్టి తగిలినదని తాయెత్తు కట్టువారు కొందరు. నీరు పట్టినదని పసరు పోయించువారు మరికొందరు. నిజమునకు జల్లెడలు వదులై, రక్తములోని మాంసకృత్తులు మూత్రమున జారిపోవుచున్నవి. వైద్యులు దీనిని నెఫ్రోటిక్ వ్యాధి యందురు. 1827లో లండనునందలి గైస్ ఆసుపత్రి వైద్యుడు రిచర్డ్ బ్రైట్, వాపు గల రోగుల మూత్రమును వేడిచేసినచో అది గ్రుడ్డులోని తెల్లసొనవలె గడ్డకట్టుననియు, దానికి మూత్రపిండముల చెడుగుతో సంబంధము కలదనియు వివరించెను. నేడంత శ్రమ లేదు. మందు పూసిన చిన్న పట్టీని మూత్రములో ముంచిన, నిమిషములో తెలియును. ప్రెడ్నిసొలోన్ అను మందుతో ఈ పిల్లలలో నూటికి 80 మందికి పైగా గుణము కలుగును. పలువురికి వ్యాధి మరల మరల వచ్చుట కలదు గాని, వయసు వచ్చినకొలది తగ్గుటయే సామాన్యము. వాపు తీసినదిగదా యని వైద్యుని అడుగక మందును హఠాత్తుగా మానరాదు. వాపున్నన్నాళ్లు ఊరగాయలు, ఎండుచేపలు, అప్పడములు బిడ్డకు పెట్టరాదు.

రెండవ గుర్తు రంగు. గొంతునొప్పి వచ్చిన 1 లేక 2 వారములకు, లేక గజ్జికురుపులు చీము పట్టిన 3 మొదలు 6 వారములకు, కొందరు పిల్లలకు మూత్రము తేనీటి డికాషను వలెనో, మాంసము కడిగిన నీటివలెనో వచ్చును, పరిమాణము తగ్గును, తలనొప్పి కలుగును, రక్తపోటు మితిమీరినచో మూర్ఛలు వచ్చును. సకాలమున చికిత్స జరిగిన పెక్కుమంది పూర్తిగా కోలుకొందురు. గజ్జిని చిన్న జబ్బని ఉపేక్షింపక, ఇంటిల్లిపాదికి ఒక్కసారి మందు పూయించుటయే దీనికి మేలైన నివారణ.

మూడవ గుర్తు కారణము తెలియని జ్వరము. జలుబు, దగ్గు లేక జ్వరము వచ్చి, మూత్రము పోయునపుడు బిడ్డ ఏడ్చినచో, మూత్రమార్గమున సూక్ష్మజీవులు చేరెనేమో పరీక్షింపవలెను. మగశిశువునకు ధార సన్నగా, బొట్లుబొట్లుగా వచ్చినచో లోపల పుట్టుకతోనే అడ్డు ఉండవచ్చును, ఆలస్యము తగదు. బడిలో మరుగుదొడ్డి లేకయో, శుభ్రముగా నుండకయో ఆడపిల్లలు సాయంకాలము వరకు బిగబట్టుకొందురు. ఇదియు వ్యాధికి దారి. దీనికి మందు వైద్యుని చేతిలో లేదు. గ్రామపెద్దల చేతిలోనే యున్నది.

ఇక బొండము మాట. బొండపు నీటిలో 100 మిల్లీలీటర్లకు సుమారు 250 మిల్లీగ్రాముల పొటాసియము గలదు. మంచి మూత్రపిండములు ఎక్కువైన దానిని వెలికి త్రోయును. మూత్రము తగ్గినపుడు అది రక్తములో నిలిచి, గుండె కొట్టుకొను తీరును చెరచి, తుదకు గుండెనే ఆపగలదు. కావున వాపుతో గాని, రంగు మారి గాని మూత్రము తగ్గిన బిడ్డకు వైద్యుడు చెప్పువరకు బొండము, అరటిపండు ఇయ్యరాదు. విరేచనములు పట్టిన బిడ్డకు సైతము బొండముకంటె ఓ.ఆర్.ఎస్. పొట్లమే మేలు; బొండములో సోడియము చాలదు. విరేచనములతో శరీరము ఎండి, రోజులో సగభాగము మూత్రము రాకున్న వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. నొప్పిమాత్రలను దుకాణమున కొని వేయుట, రక్తపింజర కాటునకు మంత్రము వేయించుట, ఇవియు మూత్రపిండములను చెరచి ప్రాణముమీదికి తెచ్చును.

శ్రీకాకుళము జిల్లా ఉద్దానము మనవలెనే కొబ్బరితోటల సీమ. అచ్చటి మూత్రపిండవ్యాధి ముఖ్యముగా పెద్దవారిని పట్టుచున్నది. దాని కారణము ఇంకను నిర్ధారణ కాలేదు. 2023లో పలాసయందు ప్రత్యేకముగా ఆసుపత్రి, పరిశోధనకేంద్రము వెలసినవి. బాధ తెలియకయే మూత్రపిండములు క్షీణింపగలవని ఉద్దానము మనకు నేర్పుచున్నది. కావున కంటికి కనబడు గుర్తు ఒక్కటి చిక్కినను దానిని విడువరాదు.

పెద్దలారా! మీ మాటను ఇంటివారు వినెదరు. తెల్లవారి బిడ్డ కన్నులు చూడుడు. మూత్రపు రంగును, ధారను తల్లి నడుగుడు. అనుమానము కలిగిననాడే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున మూత్రమును, రక్తపోటును పరీక్ష చేయింపుడు. అవసరమైన వారు కాకినాడ ప్రభుత్వాసుపత్రికి పంపుదురు. తాయెత్తు కట్టదలచిన కట్టుడు; కాని పరీక్షకు ముందు పసరు మాత్రము పోయింపకుడు.