జిమ్ ఫ్రాంచైజీలో మనం కొనేది ఏంటి?

మన చిలకలూరిపేటలో పెద్ద బ్రాండ్ జిమ్ ఫ్రాంచైజీ పెడదామనుకుంటున్నారా? ముందు జో గోల్డ్ కథ వినండి.

1965లో కాలిఫోర్నియాలోని వెనిస్‌లో గోల్డ్స్ జిమ్ పెట్టాడు. ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ కసరత్తు చేసింది అక్కడే. 1970లో అమ్మేశాడు. జిమ్‌తో పాటు పేరూ పోయింది! తర్వాత మళ్లీ జిమ్ పెట్టినప్పుడు వరల్డ్ జిమ్ అని పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. గోల్డ్స్ మాత్రం ఫ్రాంచైజీలతో ఇండియా దాకా వచ్చేసింది. 2020లో దివాలా పిటిషన్ వేసినా, జర్మనీ కంపెనీ ఆర్‌ఎస్‌జీ దాన్ని 10 కోట్ల డాలర్లకు కొన్నది.

చూశారా, పేరుకి అంత విలువ! కానీ అద్దె, లోన్ ఈఎంఐ, ట్రైనర్ జీతం కట్టేది ఆ పేరు కాదు, మీరే. అందుకే సంతకానికి ముందు అగ్రిమెంట్‌లో మూడు చూడండి: రాయల్టీ ఎంత, గడువు ఎన్నేళ్లు, పక్క వీధిలో ఇంకొకరికి బ్రాంచ్ ఇవ్వరని రాశారా? లేదంటే సొంత పేరే మేలు.