ఒక నిలువుగీత



జెర్సీ సిటీలో మా సాయంకాలపు తెలుగు బడి హాజరుపట్టీలోంచి పేర్లు ఏరడానికి పెర్ల్ వాడాము. 1987లో లారీ వాల్ వెలువరించిన కంప్యూటరు భాష అది. అందులో ‘సీత|సీతాలక్ష్మి’ అంటే సీత గాని, సీతాలక్ష్మి గాని అని అర్థం. శ్లోకం సగంలో ఆగమనే నిలువుగీతే అక్కడ ‘లేదా’!

అయితే పెర్ల్ ఎడమవైపునుంచి ఒక్కొక్కటే సరిచూసి, మొదట కుదిరినదానితో సరిపెట్టుకుంటుంది. ‘సీతాలక్ష్మి’లో ‘సీత’ కుదిరింది, ఆగింది. బహుమతి పత్రంమీద అంతే అచ్చయింది.

“మా నాయనమ్మ ‘లక్ష్మి’ ఏదీ, మాస్టారూ?” అంది పిల్ల.

మూడు తరాల పంతుళ్లం, తలవంచుకున్నాము. పొడుగు పేరు ముందు పెట్టాము: ‘సీతాలక్ష్మి|సీత’. కొత్త పత్రం అందుకుని, నాలుగక్షరాలూ వేలుపెట్టి లెక్కపెట్టుకుంది.