పెరటిలో శాశ్వత మొక్కలు
(ప్రసంగ పాఠము)



పెరటి తోట అనగానే మనకు బెండ, బీర, గోరుచిక్కుడు జ్ఞాపకమునకు వచ్చును. అవి ఒక్క పంటకాలముతో ముగియును. మరల విత్తనము తేవలెను, మరల మడి త్రవ్వవలెను. ఒకసారి నాటిన యెడల ఏండ్ల తరబడి నిలిచి కూరయు, పూవులును ఇచ్చు మొక్కలు కూడ కలవు. నేడు మేము వానిని గురించియే మనవి చేయదలచితిమి.

మొదట మునగ. తొలకరి వానలు పడగానే మణికట్టు లావు గల కొమ్మను మూడు నాలుగు అడుగుల పొడవున నరికి నాటిన చాలును. మెరక మీదనే నాటవలెను. నీరు నిలిచినచో వేరు కుళ్ళును. కొమ్మ పెళుసు గనుక పిల్లలను ఎక్కనీయరాదు. చిగుళ్ళు నడుమెత్తు పెరిగినపుడు తలలు త్రుంచినచో ప్రక్కకొమ్మలు వచ్చి ఆకు చేతికందును.

మునగ కాయ కొరకే అనుకొనుట పొరపాటు. దాని ఆకులో సున్నము, ఇనుము, శరీరములో విటమిన్ ఏ గా మారు పదార్థము మెండుగా నున్నవి. విటమిన్ ఏ చాలని పిల్లలకు ముందుగా రేచీకటి వచ్చును. ఉపేక్షించినచో కన్నే పోవచ్చును. వంటింటి వెనుక చెట్టుండగా బిడ్డకు చూపు తగ్గుట ఎంత విచారకరము! ఆకును పప్పులో వేసి, నూనెతో తాలింపు పెట్టుడు. నూనె తోడైనపుడే ఆ పదార్థము చక్కగా ఒంటికి పట్టును. అయితే రేచీకటి కనిపించిన పిదప ఆకుకూరతో సరిపెట్టక, బిడ్డను వెంటనే వైద్యునికి చూపవలెను.

కరివేపాకు గింజను పండు నుండి తీసిన వెంటనే నాటవలెను. నిలవ ఉంచినచో మొలకెత్తు శక్తి త్వరలో నశించును. తల్లిచెట్టు వేరున లేచిన పిలకను నాటినను సరియే. దొండకు తీగముక్క చాలును. అది బాగుగా కాయు పాదు నుండియే తీసినదై యుండవలెను. మల్లెకు శీతకాలమున నీరు తగ్గించి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించినచో వేసవిలో మొగ్గలు దట్టముగా వచ్చును.

వీనికి నీరెక్కడిది అందురేమో! స్నానపు నీరు వీధిలోనికి పారి బురదయై దోమలను పెంచుచున్నది. దానిని అరటి పాదులోనికి మళ్ళింపుడు. గెల వేసిన చెట్టు పోయినను పిలకలు నిలుచును. మునగకు, కరివేపాకుకు మాత్రము మొదలు ఆరిన పిదపనే నీరు పెట్టవలెను.

ఇక ఒక హెచ్చరిక. పూజకని పెంచు గన్నేరు నిలువెల్ల విషము. పచ్చగన్నేరు గింజ గుండెను దెబ్బతీయును. పసిపిల్లలు తిరుగు చోటను, పశువులను కట్టు చోటను వీనిని ఉంచరాదు. ఎవరైన తిన్నచో నాటువైద్యముతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

రాబోవు తొలకరికి ఇంటికొక మునగ కొమ్మను నాటుదము. ఒకనాటి శ్రమకు ఏండ్ల తరబడి ఫలము; అన్నింటికి మించి, మన బిడ్డల కన్నులకు కాపుదల.