గుండె ఆపరేషను తరువాత సంధి
(ఉగాది సభలో చేసిన ప్రసంగం)

పండుగనాడు రోగాల మాటెందుకని విసుగుకొనవద్దు. సిరొంచలో గుండె కోసే ఆసుపత్రి లేదు. మనవారు వంతెన దాటి కాళేశ్వరం మీదుగా వరంగల్లుకో హైదరాబాదుకో పోవాలి, కాదంటే నాగపూరుకు పోవాలి. ఆపరేషను చక్కగా జరిగిందన్న మూడవనాడు పెద్దాయన కన్నకొడుకును గుర్తుపట్టక, గొట్టాలు పీక్కుంటూ, గోడమీద పురుగులున్నవంటే ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. గాలి సోకిందంటారు కొందరు. మన పెద్దలు దీనిని సంధి అన్నారు. డాక్టర్లు డెలీరియం అంటారు. కొందరు కేకలు వేయరు, మగతగా పడి ఉంటారు. అదీ సంధియే, కాని ఎవరూ పట్టించుకోరు.

నేను రైల్వే గుమస్తాను, వైద్యుడను కాను. అడిగి, చదివి తెలుసుకొన్నది మనవి చేస్తున్నాను. వయసు, పాత మతిమరుపు, నిద్రలేమి, ఇవన్నీ సంధికి కారణాలే. మనం కొంత చేయగలిగినది మందుల విషయంలో.

డయాజిపామ్, లోరజిపామ్ జాతి నిద్రమందులు సంధిని పెంచుతాయని పేరు. వెంటిలేటరు మీద ఉన్నవారికి వీటికంటె వేరే మత్తుమందులు మేలని 2018లో అమెరికా క్రిటికల్ కేర్ వైద్యసంఘం సలహా ఇచ్చింది. అయితే నేరమంతా వీటిదే అనలేము. 2025లో ప్రకటించిన ఒక పెద్ద పరీక్షలో, ఉత్తర అమెరికాలో సుమారు 20 వేలమందికి గుండె ఆపరేషను సమయంలో ఈ మందులు మామూలుగా వాడితే నూటికి 15 మందికి, వీలైనంత మానితే 14 మందికి సంధి పుట్టింది. పెద్ద తేడా కాదు. జలుబు మాత్రలోని క్లోర్‌ఫెనిరమిన్, నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్ కూడ ముసలివారి మతిని మసకబరుస్తాయి. నొప్పిమందులలో పెథిడిన్‌కు చెడ్డపేరున్నది. అలాగని నొప్పిమందే వద్దనరాదు. తీరని నొప్పీ సంధికి దారితీస్తుంది.

అసలు సంగతి వేరే ఉన్నది. అలవాటైన మందు హఠాత్తుగా ఆగినా సంధి పుడుతుంది. గడ్చిరోలి జిల్లాలో 1993 నుండి మద్యనిషేధం; ఇప్పసారా మాత్రం పోలేదు. నిషేధమున్నచోట తాగేవాడు డాక్టరుకు చెప్పడు, భార్యా చెప్పదు. నది ఆవల కల్తీకల్లులో డయాజిపామ్, అల్ప్రాజోలామ్, క్లోరల్ హైడ్రేటు కలిపేవారున్నారని మీరెరుగుదురు. 2015లో తెలంగాణలో దాడులు జరిగి ఆ కల్లు దొరకనప్పుడు నిజామాబాదు, మహబూబునగరం జిల్లాలలో వందలమంది పిచ్చిచేష్టలతో, మూర్ఛలతో ఆసుపత్రుల పాలైనారు. గుండె కోయకుండానే ఆ స్థితి! అట్టి మనిషి ఆపరేషను బల్ల ఎక్కితే రెండు మూడు రోజులలో ఏమవుతుందో ఊహించండి. వైద్యునికి తెలిస్తే ముందే తగు మోతాదు మందిచ్చి కాపాడతాడు. ఇందాక చెడ్డదన్న ఆ నిద్రమందే అప్పుడు ప్రాణరక్ష.

కనుక పరువు చూసుకోక అన్నీ చెప్పండి. మూటలో ఏమున్నదో రాయించనిదే మా పార్సెలు ఆఫీసులో బుక్ చేయరు. ఆయన ఎదుట చెప్పలేకపోతే, అమ్మా, డాక్టరును పక్కకు పిలిచి చెప్పండి. ఇంట్లోని మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకొని పొండి. రోజూ వేసుకొనే నిద్రమాత్రను సొంతంగా మాన్పించకండి.

ఇంకొక మాట. నాగపూరులో నర్సు మరాఠీలోనో హిందీలోనో ఇది ఏ రోజు, ఏ ఊరు అని అడుగుతుంది. తెలుగు తప్ప రాని అవ్వ తెల్లబోతే సంధి అని రాసుకొని మరొక మందు మొదలుపెట్టవచ్చును. మనలో ఒకరు మంచం పక్కన నిలబడి, ఆమెకు కళ్ళజోడు పెట్టి, ఆ ప్రశ్నలే తెలుగులో అడగండి.