మనము అనగా ఎవరు?

(మనలిలో ఉగాది సభయందు చేసిన ప్రసంగపాఠము)



మేము రైల్వేలో గూడ్సు గుమాస్తాగా పనిచేయుచున్నాము. చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. ఇట్టివారికి ఆదిమానవునితో పనియేమని మీరడుగవచ్చును. పని పెట్టినవాడు మా రెండవ పిల్లవాడు.

నిరుడు ఉగాదినాడు పంచాంగ శ్రవణము ముగించుకొని ఇల్లు చేరినాము. కలియుగము మొదలై 5,100 ఏండ్లు దాటినవని పంతులుగారు చదివినారు. అంతకు కొద్దిరోజుల ముందు బడివారు పిల్లలను ఎగ్మూరు మ్యూజియమునకు తీసుకొనిపోయి రాతి చేగొడ్డళ్ళు చూపించినారట. వాడు కాళ్ళు కడుగుకొనుచు, "నాన్నా, ఆ రాళ్ళు చెక్కినవాళ్ళు మనవాళ్ళేనా?" అన్నాడు. ఎందుకురా అనగా అసలు సంగతి మెల్లగా బయటపడినది. "మీరు నిన్నమొన్న వచ్చినవాళ్ళు, మేము మొదటినుంచీ ఉన్నవాళ్ళం" అని తరగతిలో ఎవడో అన్నాడట. మా తాతగారు గూడూరు వదలి ఇటు వచ్చినారు. మేమిక్కడనే పుట్టినాము. ఆ మాట పిల్లవానికంటె మాకే ఎక్కువ గ్రుచ్చుకొన్నది, దాచనేల?

మనలి న్యూటౌను ప్రక్కగా పోయి ఎన్నూరువద్ద కడలి చేరు కొసస్తలై ఏరు మీరెరిగినదే. వరదనాడు మరీ బాగుగా ఎరుగుదురు. ఆ యేటి వెంబడి ఎగువకు పోయినచో పూండి జలాశయము. తెలుగుగంగ కాలువలో మన కృష్ణనీరు 1996లో వచ్చి చేరినది అక్కడికే. ఆ చేరువనే అత్తిరంపాక్కం అను పల్లె యున్నది. భూగర్భ సర్వేలో ఉద్యోగియైన రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర 1863 మే 30న పల్లావరములో మనదేశపు మొదటి ప్రాచీన శిలాయుగపు పనిముట్టును గుర్తించినాడు. ఆ యేడే సెప్టెంబరులో విలియం కింగుతో కలసి అత్తిరంపాక్కములో మరిన్ని కనుగొన్నాడు. రోడ్డు కంకరలో కలసిపోవలసిన రాయిలో మనుష్యుని చేతిపని చూడగలిగిన ఆ కన్ను ఎంతటిదో!

1999 మొదలు శాంతి పప్పు, కుమార్ అఖిలేశ్ గార్లు అక్కడ ఓపికగా త్రవ్వించినారు. వారి లెక్క 2011లో వెలువడినది. అడుగుపొరలోని చేగొడ్డళ్ళ వయస్సు సుమారు 15 లక్షల ఏండ్లు, ఎంత తగ్గించినను 10 లక్షలకు పైమాటే. ఆకాశమునుండి వచ్చు కిరణములు పైనున్న రాతిలో కొన్ని అణువులను పుట్టించును. రాయి మట్టిలో పూడిన పిదప అవి ఒక లెక్క ప్రకారము తరుగును. ఆ తరుగుదలను కొలిచి, మట్టిలో నిలిచిన అయస్కాంతపు దిక్కుతో సరిచూచినారట.

15 లక్షలన్నది మా బుర్రకు ఎక్కలేదు. అందుచేత రైలు లెక్క వేసికొన్నాము. గూడూరునుంచి సెంట్రలుకు 138 కిలోమీటర్లు. ఆ రాయి చెక్కిననాడు గూడూరులో బండి బయలుదేరినదనుకొనుడు. మన జాతి మానవుని ఎముకలలో ఇంతవరకు దొరికిన అతి పాతవి మొరాకో దేశములోనివి, సుమారు 3 లక్షల ఏండ్లవి. అనగా మన జాతి మనిషి బండి ఎక్కినది మీంజూరు దరిదాపులలో! ఇక ద్రావిడ భాషల కుటుంబపు వయస్సు సుమారు 4,500 ఏండ్లని 2018లో కొందరు పండితులు అంచనా కట్టినారు. ఆ లెక్కన అరవము, తెలుగు పుట్టిన కుటుంబమే సెంట్రలుకు నాలుగువందల మీటర్లలో ఎక్కినది. బండి అప్పటికి యార్డులో ఉన్నది. "మొదటినుంచీ" అన్న పిల్లవాడును, నిన్నమొన్న వచ్చిన మావాడును అక్కడ ఎక్కినవారే.

ఈ లెక్క చెప్పగా మావాడు సంతోషించినాడు. వెంటనే, "అయితే గూడూరులో ఎక్కినదెవరు?" అన్నాడు.

చిక్కంతయు ఇక్కడనే. అత్తిరంపాక్కములో రాళ్ళు వేలకొలది దొరికినవి, జంతువుల పళ్ళు దొరికినవి. చెక్కినవారి ఎముక ఒక్కటియు దొరకలేదు. మా ఆఫీసు భాషలో చెప్పవలెనన్న సరుకు చేరినది, రసీదుపై పంపినవాని పేరు లేదు. వారు మన జాతివారు కారనుట మాత్రము కాలమునుబట్టి స్పష్టము. నెత్తురు లెక్కలో వారు మనకు తాతలు కాకపోవచ్చును. కావున "మేమిక్కడ 15 లక్షల ఏండ్లుగా ఉన్నాము" అని ఎవరు చెప్పినను అది అబద్ధమే. ఆ అబద్ధము పిల్లవానికి ఆయుధముగా ఇత్తుమా అని ఒక క్షణము మాకును ఆశ పుట్టినది.

అయినను వారిని "వాళ్ళు" అని త్రోసివేయుటకు నోరు రాదు. పెద్ద పెచ్చులను వేరొకచోట కొట్టి, ఇచ్చటికి మోసుకొని వచ్చి చెక్కుకొన్నారట. రేపటి పనికి నేడే బరువు మోసినవానిని జంతువనుట ఎట్లు? గొడ్డలికి రెండు ప్రక్కలు సమముగా తీర్చుట పిల్లలకు ఎట్లు నేర్పినారు? మాట ఉండినదా, చేతి సైగయే చాలినదా? రాయి చెప్పదు.

మన భాషలో ఒక సదుపాయమున్నది. "మేము" అన్నచో వినువాడు వెలుపల, "మనము" అన్నచో లోపల. ఇరుగుపొరుగు అరవమువారికిని ఈ భేదమున్నది. కాని వినుటకు లేనివానిని "మనము"లో చేర్చుట ఎట్లు?

మా అమ్మగారు వంటింటినుంచి అంతయు వినుచున్నారు. "పేరూ గోత్రమూ తెలియనివాళ్ళకు కూడా నువ్వులూ నీళ్ళూ వదులుతాం కదురా. వాళ్ళకీ అందులోనే పోతాయిలే" అన్నారు. మేము వేసిన లెక్కలన్నింటికంటె ఈ మాటే మాకు నచ్చినది. ఐతే నువ్వులు వదలుట వేరు, దాయభాగమడుగుట వేరు. రెండవది మాత్రము కూడదని మా అభిప్రాయము. మీలో కొందరు ఒప్పుకొనకపోవచ్చును.

మొన్న సంక్రాంతి సెలవులలో పిల్లవానిని వెంటబెట్టుకొని తిరువళ్ళూరువరకు రైలులోను, పూండికి బస్సులోను పోయి, అత్తిరంపాక్కం చూచి వచ్చినాము. చూచుటకు ఏమున్నది? వాగు గండి, ఎఱ్ఱమట్టి, గులకరాళ్ళు, ముళ్ళచెట్లు. వాడొక రాయి తీసి అరచేతిలో ఇటునటు త్రిప్పి చూచినాడు. ఇక్కడి రాయి ఇంటికి తేరాదని చెప్పగా తీసినచోటనే పెట్టినాడు. పెట్టి, "చెక్కినాయన కుడిచేతివాటమా, నాలాగా ఎడమచేతివాటమా నాన్నా?" అని అడిగినాడు.

బస్సు వేళ అగుచుండెను. ఆలోచించి చెప్పుదునంటిమి. ఇంకను చెప్పలేదు.